మాలిలో నెగ్గిన బలురక్కసి కషాయం మన్యంలో నెగ్గుతుందా?

రోడ్డు పక్కన, బంజరు నేలల్లో ఎవరూ వేయకుండానే మొలిచే మొక్క బలురక్కసి. ఆకుల నిండా ముళ్లు, ఈనెల వెంట తెల్లటి చారలు, కాగితంలాంటి పసుపు పూలు. కాడ విరిస్తే పసుపు పాలు కారతాయి. కొన్నిచోట్ల దీన్నే బ్రహ్మదండి అంటారు. అదే పేరుతో వేరే మొక్కను చూపించేవారూ ఉన్నారు. మందుమొక్కల భద్రత గురించి మాట్లాడాలంటే ముందు ఈ పేర్ల గొడవ తేలాలి.

దీని గింజలను దోసిట్లో పోసి చూపిస్తే చాలామంది ఆవాలే అనుకుంటారు. వేలితో రాస్తే మాత్రం ఆవగింజ నున్నగా జారుతుంది, ఇది గరుకుగా తగులుతుంది. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఈ గింజల నూనె కలిసి, కాళ్లు వాచి, ఊపిరాడక అరవై మందికి పైగా చనిపోయారు. విషం పేరు సాంగ్వినారిన్.

ఇదే మొక్క ఆకుల కషాయాన్ని పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశంలో చలిజ్వరానికి, అంటే మలేరియాకు, తాగుతారు. అక్కడి పరిశోధకులు దాన్ని పరీక్షించిన పద్ధతి నాకు నచ్చింది. వాళ్లు మొక్కతో కాక మనుషులతో మొదలుపెట్టారు. దాదాపు 950 కుటుంబాలను కలిసి, ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చింది, ఏ ఆకు వాడారు, తగ్గిందా లేదా అని అడిగారు. అరవైకి పైగా మొక్కల పేర్లు వచ్చాయి. కోలుకున్నవారి లెక్కలో ముందు నిలిచింది బలురక్కసి.

తర్వాత మిస్సిదుగు అనే ఊళ్లో 80 మందికి మూడు మోతాదుల్లో ఇచ్చి చూశారు. రోజుకు ఒక గ్లాసు చొప్పున మూడు రోజులు తాగినవారిలో పద్నాలుగో రోజుకు 35 శాతం మందికి నయమైంది. రోజుకు రెండు గ్లాసులు, వారం పాటు తాగినవారిలో 73 శాతం. ఇంకా ఎక్కువ పోసిన మూడో జట్టులో 65 శాతమే. ‘ఆకు మందే కదా, ఇంకో గ్లాసు తాగితే పోయిందేముంది’ అనేవారు చూడాల్సిన అంకె ఇది. చివరికి 301 మంది మీద, మలేరియాకు ఆసుపత్రుల్లో ఇచ్చే ఆర్టిమిసినిన్ జంట మందు మాత్రలతో పోటీ పెట్టారు. 28 రోజుల్లో రెండో మందు అవసరం పడనివారు కషాయం జట్టులో 89 శాతం, మాత్రల జట్టులో 95 శాతం. ఐదేళ్లలోపు పిల్లల్లో జబ్బు ముదిరినవారు రెండు వైపులా 1.9 శాతమే.

మన దగ్గర పరిశోధన సాధారణంగా తలకిందులుగా సాగుతుంది. ఆకును ఆరబెట్టి, సారం తీసి, ఎలుకకు ప్లాస్మోడియం బెర్గీ అనే ఎలుకల మలేరియా పరాన్నజీవిని ఎక్కించి, నాలుగు రోజులు ఆ సారం తాగిస్తారు. ఆ తర్వాత తోక కొస నుంచి రక్తపు చుక్క తీసి, గాజు పలక మీద పూసి, రంగు వేసి, పరాన్నజీవులను లెక్కిస్తారు. బెర్గీ మనుషులకు సోకే రకమే కాదు. భద్రత కోసం ఒకేసారి పెద్ద మోతాదు పోసి రెండు వారాలు కనిపెట్టి చూస్తారు. ఎలుక చావకపోతే ‘సురక్షితం’ అని రాసేస్తారు. గర్భిణి సంగతి, వారం పాటు తాగే పిల్లవాడి కాలేయం సంగతి ఆ ఎలుక చెప్పదు. గాజు పాత్రలో పరీక్ష కూడా అంతే. బలురక్కసిలోని బెర్బెరిన్ అనే పదార్థం అక్కడ పరాన్నజీవిని చంపుతుంది. నోటితో తీసుకుంటే మాత్రం రక్తంలోకి చేరేది బహు తక్కువ.

ఈ చర్చలో ఎవరో ఒకరు చైనా ఉదాహరణ తీయకుండా ఉండరు. తు యుయు పాత గ్రంథం చదివి ఆర్టిమిసినిన్ కనిపెట్టి 2015లో నోబెల్ అందుకున్నారు, నిజమే. మరిగించి తీసిన సారం పనిచేయకపోతే, తక్కువ వేడిలో ఈథర్‌తో తీసి చూశారన్నదీ, 1972లో రోగుల కంటే ముందు తానూ సహచరులూ దాన్ని తాగి చూసుకున్నారన్నదీ వేదికల మీద తక్కువగా వినిపిస్తుంది.

మరి మాలి ఫలితాన్ని పాడేరు కొండల మీదికి తెచ్చుకోవచ్చా? కూడదనే నా అభిప్రాయం. మాలిలో జ్వరం తగ్గినా చాలామంది రక్తంలో పరాన్నజీవి పూర్తిగా పోలేదు, తగ్గిందంతే. అక్కడి పెద్దలు ఏళ్ల తరబడి దోమకాట్లు తిని కొంత నిరోధకశక్తి సంపాదించుకున్నవాళ్లు. సగం పని ఒళ్లే చేస్తుంది. మన లెక్క వేరు. 2030 నాటికి మలేరియాను నిర్మూలిస్తామని దేశం లక్ష్యం పెట్టుకుంది. ఒకరి రక్తంలో మిగిలినది దోమ ద్వారా పక్కింటికి చేరుతుంది. అక్కడ పాసైన కషాయం ఇక్కడ తప్పుతుంది. పైగా పసరు తాగుతూ మూడు రోజులు ఆగితే ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా మెదడుకు ఎక్కవచ్చు. ఆకులో ఏ విషమూ లేకపోయినా, పోయిన ఆ మూడు రోజులు భద్రత లెక్కలోకే రావాలి.

అలాగని మాలి నుంచి తెచ్చుకోవలసింది ఏమీ లేదనను. ఆ మొదటి మెట్టు, ఇంటింటికీ వెళ్లి అడగడం, మనకు బాగా పనికొస్తుంది. గూడెంలో ఆశా కార్యకర్త వేలు గుచ్చి రక్తపు చుక్క మలేరియా పరీక్ష కిట్టులో వేశాక గీత తేలడానికి పావుగంట పడుతుంది. జ్వరం ఎప్పుడు మొదలైంది, ఏ ఆకు తాగారు, ఎన్ని గ్లాసులు, ఎన్ని రోజులు, గింజలు గానీ కలిశాయా అని అడిగి రాసుకోవడానికి ఆ పావుగంట చాలు.