పేరు ఊడిపోయిన రీళ్లు

న్యూజిలాండ్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఒక రీలు డబ్బా మీద 'గుర్తుతెలియని అమెరికన్ సినిమా' అని రాసి ఉండేది. అక్కడే మరో డబ్బాలో ఉన్న రీలుకు 'ఇద్దరు అక్కచెల్లెళ్లు' అన్న అర్థం వచ్చే పేరుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తోచలేదు. 2011లో నైట్రేట్ ఫిల్మ్ (తొలినాటి సినిమాలకు వాడిన, ఇట్టే అంటుకునే ఫిల్మ్) చూడటంలో చెయ్యి తిరిగిన ఒక నిపుణురాలు వాటిని ముందేసుకుని కూర్చున్నాక సంగతి బయటపడింది. అవి 1924 నాటి 'ది వైట్ షాడో' ముక్కలు. గ్రాహం కట్స్ దర్శకత్వం వహించిన ఆ మూకీకి పాతికేళ్లు నిండని ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ రచన, ఎడిటింగ్, కళాదర్శకత్వం అన్నీ తన నెత్తిన వేసుకుని పనిచేశాడు. ఆరు రీళ్లలో మొదటి మూడే మిగిలాయి. ఇంతకీ అది అమెరికన్ సినిమా కాదు, బ్రిటిష్‌ది. డబ్బా మీద 'గుర్తుతెలియని' అని రాసిన చెయ్యి నిజమే రాసింది. 'అమెరికన్' అని చేర్చి మాత్రం చూసేవాళ్లను పక్కదారి పట్టించింది.

పత్రికలు అప్పుడు 'హిచ్‌కాక్ సినిమా దొరికింది' అని రాశాయి. అసలు పోతేగా దొరకడానికి! ఒక ప్రొజెక్టర్ ఆపరేటర్ దాచుకున్న ఆ రీళ్లు ఆయన చనిపోయాక, అప్పటికి రెండు దశాబ్దాల కిందటే ఆర్కైవ్‌కు చేరాయి. చల్లని గదిలో, జాగ్రత్తగానే ఉన్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన సామెత సినీ చరిత్రకారులకు అతికినట్టు మరెవరికీ అతకదు. 'పోయింది' అని మనం లెక్క రాసుకున్న తొలినాటి సినిమాల్లో కొన్ని బూడిదైపోలేదు. పేరు పోగొట్టుకుని ఏదో ఒక అరలో పడి ఉన్నాయి. వాటికి మళ్లీ పేరు పెట్టే పనికి ఇవాళ దొరుకుతున్న డబ్బూ గౌరవమూ, అటకమీద పెట్టె దొరికిన వార్తకు దొరికే ఆర్భాటంలో పదో వంతు కూడా లేవన్నది నా ఫిర్యాదు.

నష్టం చిన్నదని అనడం లేదు. 2013లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం డేవిడ్ పియర్స్ చేసిన అధ్యయనం ప్రకారం 1912-1929 మధ్య ఆ దేశంలో దాదాపు 11,000 పూర్తి నిడివి మూకీలు విడుదలయ్యాయి. వాటిలో అసలు రూపంలో, పూర్తిగా మిగిలినవి 14 శాతం. మరో 11 శాతం విదేశీ ప్రింట్లుగానో, వెడల్పు తక్కువున్న చిన్న గేజ్ ఫిల్మ్ మీదకు ఎక్కించిన నకళ్లుగానో ఉన్నాయి. 70 శాతానికి ఆచూకీ లేదు. కారణాలు అందరికీ తెలిసినవే. నైట్రేట్ ఫిల్మ్ ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు, కాలడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. అంటుకోకపోయినా ఊరికే ఉండదు: జిగురై, బుడగలెక్కి, చివరికి గోధుమరంగు పొడిగా రాలిపోతుంది. హాలీవుడ్ స్టూడియోల్లో 1937లో ఫాక్స్ గిడ్డంగి, 1965లో ఎంజీఎం గిడ్డంగి, 2003లో పుణెలో మన నైట్రేట్ నిల్వలు మంటల్లో పోయాయి. టాకీలు వచ్చాక మూకీలను ఎవరు చూస్తారని ఫిల్మ్‌లో ఉండే వెండి కోసం కరిగించినవాళ్లున్నారు. ఫ్రాన్స్ తొలితరం దర్శకుడు జార్జ్ మెలియెస్ అయితే 1923లో తన నెగెటివ్‌లను తనే తగలబెట్టుకున్నాడు.

అయితే మిగిలిన రీలుకు పేరెందుకు ఉండదు? దీని మీద ఎవరూ పెద్దగా ఆలోచించరు. సినిమా పేరు, కంపెనీ పేరు ఉండేది రీలు మొదట్లో. చుట్టలో పైకి ఉండే పొర అదే. తేమ ముందు తగిలేది దానికి, ప్రొజెక్టర్‌కు ఎక్కించేటప్పుడు ప్రతిసారీ నలిగేదీ చిరిగేదీ అదే. చిరిగిన చోట ఆపరేటర్ కత్తిరించి అతికేవాడు. నలభై ఊళ్లు తిరిగేసరికి పేరున్న భాగం అరిగిపోయి, కథ మధ్యలోంచి మొదలయ్యే రీలు మిగిలేది. పైగా పరాయి దేశానికి వెళ్లిన ప్రింటుకు అక్కడి పంపిణీదారు సొంత భాషలో టైటిల్ కార్డులు (మూకీల్లో పేర్లూ మాటలూ రాసి చూపే ఫ్రేములు) వేసి, పేరు మార్చేసేవాడు. పాత్రల పేర్లు సైతం మారేవి. అందుకే విలియం జిలెట్ నటించిన 1916 నాటి 'షెర్లాక్ హోమ్స్' దాదాపు వందేళ్ల తరువాత, 2014లో, పారిస్‌లోని సినిమాథెక్ అనే ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఫ్రెంచి కార్డులతో బయటపడింది.

పంపిణీ దారి చివరన ఉన్న ఊళ్లు ఈ కథల్లో పదే పదే వస్తాయి. కెనడా ఉత్తరాన ఉన్న డాసన్ సిటీకి సినిమా చేరేసరికే పాతబడేది. వెనక్కి పంపే ఖర్చు కంటే పారేయడమే చవక. 1929లో అక్కడ ఈతకొలను పూడ్చడానికి రీళ్లు వాడారు. 1978లో నేల తవ్వుతుంటే గడ్డకట్టిన మట్టిలోంచి 500 పైచిలుకు రీళ్లు వచ్చాయి. వాటిలో చాలావాటికి అంచులు తడిసి పాడయ్యాయి. ఊడిన అంచులతో పాటు ఆధారాలూ పోతాయి. ఎందుకంటే ఫిల్మ్‌ను చదవడం అంచు నుంచే మొదలవుతుంది.

ఈస్ట్‌మన్ కొడాక్ 1916 నుంచి ఫిల్మ్ అంచున వృత్తం, చదరం, త్రికోణం లాంటి చిన్న గుర్తులు ముద్రించేది, ఏ ఏడాది తయారైన సరుకో తెలియడానికి. గుర్తు పట్టీ చూసుకుంటే చాలు, ఏడాది తెలిసిపోతుంది కదా అనిపిస్తుంది. కాని ఆ గుర్తులు ఇరవయ్యేళ్లకోసారి మళ్లీ అవే వస్తాయి. 1917 గుర్తు 1937లోనూ ఉంటుంది, రెండు కాలాల్లోనూ వాడింది నైట్రేటే. అదీ గాక ఆ గుర్తు చెప్పేది ఫిల్మ్ తయారైన ఏడాదిని, సినిమా తీసిన ఏడాదిని కాదు. నెగెటివ్ అంచున ఉన్న గుర్తు ప్రింటు మీదకు నీడలా దిగిపోతే ఒకే ఫిల్మ్ మీద రెండు కాలాల గుర్తులు కనిపిస్తాయి. కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

అంచు దాటి లోపలికి వస్తే దొంగలు మనకు చేసిన మేలు కనిపిస్తుంది. 1900ల తొలి దశకంలో ఒకరి సినిమా ప్రింటును నకలు తీసి, పేరు మార్చి అమ్ముకోవడం మామూలే. దాన్ని అడ్డుకోవడానికి కంపెనీలు తమ ముద్రను సెట్టులోనే తగిలించేవి. బయోగ్రాఫ్ వాళ్ల 'ఏబీ' గది గోడ మీద, పాథే కోడిపుంజు ఏ తలుపు పక్కనో, మెలియెస్ నక్షత్రం తెర మీద ఏదో మూల. టైటిల్ కార్డును కత్తిరించగలిగిన దొంగ గోడను కత్తిరించలేడు. నూటపాతికేళ్ల కిందటి ఆ కాపీరైట్ గొడవ ఈ రోజు పేరు లేని రీలుకు ఇంటిపేరు చెబుతోంది.

శరీరాన్ని చూసి వయసు చెప్పే వైద్యుల్లాంటి వాళ్లూ ఈ రంగంలో ఉన్నారు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆర్కైవిస్టు డినో ఎవరెట్ చేతికి ఒక పాత ప్రింటు వచ్చింది. నల్లజాతి జంట నవ్వుకుంటూ ముద్దు పెట్టుకునే, అర నిమిషం కూడా లేని దృశ్యం. ప్రింటు భౌతిక లక్షణాలను బట్టి అది 1900 కంటే ముందుదని ఆయన పసిగట్టాడు. చికాగో విశ్వవిద్యాలయంలోని ఆలిసన్ నాడియా ఫీల్డ్ మిగతా దారం పట్టుకున్నారు. అది విలియం సెలిగ్ 1898లో చికాగోలో తీసిన 'సంథింగ్ గుడ్ - నీగ్రో కిస్' అనీ, నటులు సెయింట్ సటిల్, గెర్టీ బ్రౌన్ అనీ తేలింది. నల్లవాళ్లను వెక్కిరింపుకు తప్ప తెర మీద చూపని రోజుల్లో ఇలాంటి దృశ్యం ఒకటి ఉందన్న సంగతే చరిత్ర పుస్తకాలకు తెలియదు. 2018లో దాన్ని భద్రపరచదగ్గ సినిమాల పట్టిక అయిన అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ మాత్రం వేరే ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో మార్కెట్ వీధిలో కేబుల్ కారు ముందు కెమెరా బిగించి మైల్స్ సోదరులు తీసిన పదమూడు నిమిషాల సినిమా. అది 1905లో తీసిందని చాలాకాలం అనుకున్నారు. డేవిడ్ కీన్ అనే చరిత్రకారుడికి రోడ్డు మీద నీటి మడుగులు కనిపించాయి. 1905లో తీశారంటున్న ఆ నెలల్లో వాన పడిందా అని వాతావరణ రికార్డులు తిరగేస్తే పడలేదు. కార్ల నంబర్ ప్లేట్లు చదివి రిజిస్ట్రేషన్ పుస్తకాలు వెతికితే 1906 తొలి నెలల్లో నమోదైన బండి దొరికింది. నీడల వాలు, ఆనాటి పత్రికలో ప్రకటన కలిపి చూస్తే తేలింది ఇదీ: 1906 ఏప్రిల్ 18న ఆ నగరాన్ని నేలమట్టం చేసిన భూకంపానికి కొద్ది రోజుల ముందు తీసిన సినిమా అది. నెగెటివ్ అప్పటికే న్యూయార్క్ దారి పట్టింది కాబట్టి బతికింది, కంపెనీ ఆఫీసు కాలిపోయింది. ఒక్క ఫ్రేమ్ కూడా మారలేదు. కాని తారీఖు తెలిశాక ఆ వీధిలో బండికి అడ్డంగా పరుగెత్తే కుర్రాళ్లను మునుపటిలా చూడలేం.

గమనించండి, ఆ పనికి సినిమా పరిజ్ఞానం ఒక్కటే సరిపోలేదు. వానల లెక్క కావాలి, బండ్ల లెక్క కావాలి. ఈ కిటుకు తెలుసుకున్న లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2012లో వర్జీనియాలోని కల్పెపర్‌లో 'మోస్ట్‌లీ లాస్ట్' అని ఒక పని మొదలుపెట్టింది. పేరు తెలియని రీళ్లను హాల్లో వేస్తారు. సినిమా నడుస్తుండగా జనం అరవాలి. ఆ కారు ఫలానా ఏడాది మోడల్ అని ఒకరు, ఆ రైలింజను ఫలానా కంపెనీదని ఇంకొకరు, ఆ మూడో వరసలో నిలబడ్డవాడు ఫలానా హాస్యనటుడని మరొకరు. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని పాత ట్రేడ్ పత్రికలు, అంటే సినిమా వ్యాపార పత్రికలు, వెతికేవాళ్లు కొందరు. మూకీ కాబట్టి ఎంత గోల చేసినా పర్వాలేదు! పండితుడు ఏళ్ల తరబడి ఒంటరిగా తేల్చలేనిది పాత కార్ల పిచ్చివాడు అరక్షణంలో తేల్చేయడం ఈ రంగంలో వింతేమీ కాదు.

ఆ ట్రేడ్ పత్రికలు లక్షల పేజీల కొద్దీ స్కానై, వెతుక్కునే వీలుతో అందరికీ తెరుచుకోవడం గత పదిహేనేళ్లలో జరిగిన అసలు మార్పు. ప్రింటు లేని సినిమాకు కూడా కాగితం సాక్ష్యం చెబుతుంది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' సంగతే చూడండి. దాని విడుదల 1931 సెప్టెంబర్ 15న అని దశాబ్దాలుగా పండగ చేసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలు, సెన్సార్ వివరాలు తవ్వి, 1932 జనవరిలో సెన్సారై ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైందని చూపించారు. ప్రింటు లేనప్పుడు తేదీ ఏదైతేనేం అనకండి. రేపు ఎక్కడైనా నాలుగు అడుగుల తెలుగు టాకీ ముక్క దొరికితే, అంచు గుర్తును పోల్చుకోవాల్సింది ఈ తేదీతోనే.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. దొరకాలన్న ఆశ కళ్లకు పొరలు కమ్ముతుంది. ఫాల్కే 1913లో తీసిన 'రాజా హరిశ్చంద్ర'లో మిగిలిన రీళ్లంటూ మనం చూస్తున్నవి నిజానికి ఆయన 1917లో మళ్లీ తీసిన దానివని కొందరు చరిత్రకారుల వాదన. తొలి సినిమాను కళ్లారా చూశామన్న తృప్తిని వదులుకోవడం ఎవరికి ఇష్టం? అందుకే ఆ వాదన వినాల్సినంతగా వినబడదు. నన్నడిగితే తప్పు పేరు కంటే పేరు లేకపోవడమే నయం. పేరు లేని రీలును ఎవరో ఒకరు మళ్లీ తెరుస్తారు. పేరున్న రీలును, అది తప్పుడు పేరైనా, తేలిపోయిన లెక్క అనుకుని పక్కన పెడతారు. కాటలాగ్‌లో పేరు పక్కన 'ఎలా తెలిసింది' అన్న గడి ఒకటి ఉండి, అందులో అంచు గుర్తా, నటుడి ముఖమా, వట్టి ఊహా అన్నది రాయడం తప్పనిసరి చేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

మరి ఆర్కైవ్‌లు తమ దగ్గరున్న పేరులేని రీళ్ల నుంచి ఫ్రేములను నెట్‌లో ఎందుకు పెట్టవు? బెర్లిన్‌లోని డాయిషె కినెమాథెక్ ఇందుకోసమే ఒక వేదిక నడిపింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఐ ఫిల్మ్ మ్యూజియం ఇంకో అడుగు ముందుకేసి, పేరు తేలని ముక్కలనే కూర్చి ప్రదర్శిస్తోంది. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. హక్కులు ఎవరివో తెలియదన్న భయం ఒకటి. ఏం ఉన్నాయో మాకే తెలియదని ఒప్పుకోవడానికి మొహమాటం ఇంకొకటి. ప్రైవేటు సేకర్తలకైతే రీలు ఉందని చెబితే ఎవరో వచ్చి లాక్కుపోతారన్న అనుమానం. ఆ అనుమానానికి చరిత్రలో ఆధారం లేకపోలేదు కూడా. మొదటి రెండింటికి మాత్రం నాకు జాలి లేదు. 1919 నాటి మన మూకీ 'బిల్వమంగళ్' ముక్క పారిస్‌లో ఉందని తెలిసి, 2016లో దాని నకలు పుణెలోని మన ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేరిందంటే, పారిస్ వాళ్ల లెక్కలో దాని పేరు సరిగా ఉండబట్టే.

పేరు సరిగా ఉన్నా సరిపోని సందర్భమూ ఒకటుంది. ఫ్రిట్జ్ లాంగ్ 'మెట్రోపొలిస్' 1927లో విడుదలైన కొద్దికాలానికే కత్తిరింపుల పాలైంది. పావు వంతు పోయిందనే ప్రపంచం నమ్మింది. బ్యూనస్ ఎయిరీస్‌లో ఫెర్నాండో మార్టిన్ పెన్యా అనే చరిత్రకారుడికి 1980ల చివర్లో ఒక పాత ఫిల్మ్ క్లబ్ నిర్వాహకుడు ఏదో మాటల్లో చెప్పాడు: ఆ సినిమా వేసినప్పుడు ప్రింటు ఊగుతుంటే ప్రొజెక్టర్ దగ్గర రెండు గంటలకు పైగా వేలు నొక్కిపట్టి నిలబడాల్సి వచ్చిందని. రెండు గంటలకు పైగా? అంత నిడివి ప్రింటు ఎక్కడా లేదే! ఆ డబ్బాలు నగర సినిమా మ్యూజియంలో ఉన్నాయని ఆయన కనుక్కున్నాడు. తెరిచి చూపించమని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాడు. 2008లో పౌలా ఫెలిక్స్-డిడియెర్ ఆ మ్యూజియం డైరెక్టరయ్యాకే ఇద్దరూ కలిసి తెరిచారు. పోయిన భాగంలో దాదాపు 25 నిమిషాలు అందులో ఉన్నాయి.

అప్పటికే ఎప్పుడో ఎవరో ఆ నైట్రేట్ ప్రింటును శుభ్రం చేయకుండానే వెడల్పు తక్కువున్న 16 ఎంఎం ఫిల్మ్ మీదకు దించి, అసలును పారేశారు. ఫిల్మ్ మీద ఉన్న గీతలన్నీ బొమ్మలోకి దిగిపోయాయి. 2010లో విడుదలైన పునరుద్ధరణలో కంప్యూటర్లు సైతం వాటిని పూర్తిగా తుడవలేకపోయాయి. తెర మీద ఉన్నట్టుండి వాన కురిసినట్టు నిలువు గీతలు మొదలైతే, అది బ్యూనస్ ఎయిరీస్ డబ్బాలోంచి వచ్చిన భాగమని చూస్తున్నవాళ్లు ఎవరూ చెప్పకుండానే పోల్చుకోవచ్చు.