హెచ్చరికలన్నీ బాబాయికే

పొగ తాగితే పోతారని మన ప్రభుత్వం చేసే హెచ్చరికలను పొద్దున్న కొట్టు తెరిచినప్పటి నుంచి రాత్రి కట్టేసేదాకా, ఆదివారం కూడా వదలకుండా చూసే పౌరుడు దేశంలో ఒక్కడే. సిగరెట్ అమ్మేవాడు. తాగేవాడికి ఆ భాగ్యం లేదు. గుంటూరు బ్రాడీపేటలో మా వీధి మలుపున బడ్డీ కొట్టు పెట్టుకున్న బాబాయిని చూశాక, ఈ అన్యాయం గురించి ఎవరో ఒకరు రాయక తప్పదనిపించింది.

2016 ఏప్రిల్ నుంచి సిగరెట్ పెట్టెకు రెండు వైపులా 85 శాతం మేర హెచ్చరిక ఉండి తీరాలి. పుండు పడిన నోరు, గడ్డ కట్టిన గొంతు, కింద పెద్ద అక్షరాలు. కోట్లు పెట్టి పెంచుకున్న బ్రాండు పేరు మిగిలిన 15 శాతంలో ఒదిగి కూర్చోవాలి. ఈ నిబంధన ఊరికే రాలేదు. దాన్ని పరిశీలించిన పార్లమెంటు కమిటీ అధ్యక్షుడు 2015లో ఒక మౌలికమైన సందేహం లేవనెత్తారు: పొగాకు వల్ల క్యాన్సర్ వస్తుందని చెప్పేవన్నీ విదేశీ అధ్యయనాలే కదా, మన దేశంలో చేసినది ఏదీ? భారతీయ ఊపిరితిత్తుల మీద అంత నమ్మకం నాకు ఇంకెక్కడా కనబడలేదు. మొత్తానికి ఏడాది ఆలస్యంగానైనా బొమ్మలు వచ్చాయి. అంతా బాగానే ఉంది కానీ, చిన్న చిక్కు. మనవాడు పెట్టె కొనడు.

సాయంత్రం పూట బాబాయి కొట్టు దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. బండి ఆపకుండానే ఒక కాలు నేల మీద ఆనించి, "బాబాయ్, ఒకటి" అంటాడు కుర్రాడు. బ్రాండు చెప్పక్కర్లేదు. ఎవరికి ఏదో బాబాయికి కంఠతా. ఆయన చెయ్యి వెనక్కి పోతుంది. మూత తెరిచి ఉన్న పెట్టెలోంచి రెండు వేళ్లతో ఒకటి పైకి లాగి, ఫిల్టర్ అవతలివాడి వైపు తిప్పి మర్యాదగా అందిస్తాడు. కొట్టు గుంజకు పురికొసతో వేలాడుతున్న లైటర్‌ని కుర్రాడు దగ్గరికి లాక్కుని, తల వంచి అంటించుకుంటాడు. ఫోన్‌పే డబ్బా "ఇరవై రూపాయలు అందాయి" అని వీధంతా వినబడేలా చెబుతుంది. అర నిమిషంలో వ్యవహారం పూర్తి. పది సిగరెట్ల పెట్టె ఇలా పదిమంది చేతుల్లోకి పోతుంది, బొమ్మ మాత్రం బాబాయి దగ్గరే ఉండిపోతుంది.

బాబాయి తాగడు. "ఆ బొమ్మలు చూశాక అన్నం సహించదు బాబూ" అంటాడు. అంటే ఈ పథకానికి ఒక లబ్ధిదారుడైతే దొరికాడు. సర్కారు పథకాల్లో ఇదేమీ చిన్న విజయం కాదు. 2018 సెప్టెంబరు నుంచి పెట్టె మీద ఇంకో వసతి కూడా కల్పించారు. మానేయాలనుకునేవాళ్లు ఉచితంగా ఫోన్ చేసుకోడానికి 1800-11-2356 అనే నంబరు. అదీ బాబాయి దగ్గరే ఉంది.

సినిమాలో ఈ లోటు లేదు. హీరో వెలిగిస్తే చాలు, తెర కింద మూలన అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. ఆర్పితే మాయమవుతాయి. తెర మీద ఉత్తుత్తి సిగరెట్‌కు ఉన్నపాటి శ్రద్ధ, ఇంటర్వెల్లో బయటికొచ్చి తాగే అసలు సిగరెట్‌కు లేదు. ఆ తాగేది కూడా సాధారణంగా "పొగ త్రాగరాదు" బోర్డు కిందే. 60 సెంటీమీటర్లకు 30 సెంటీమీటర్ల బోర్డు అది, కొలతలతో సహా రూల్సులో రాసి ఉంది. తప్పితే రెండొందల దాకా జరిమానా. ఆ రెండొందలు కట్టినవాడెవడో కనబడితే నాలుగు మాటలు రాసుకుందామని ఎదురుచూస్తున్నాను.

విడిగా ఎందుకు కొంటావు గురూ అని మా ఆఫీసులో ఒక పెద్దమనిషిని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "పెట్టె కొంటే అలవాటైపోతుంది" అన్నాడు. ఈ మాట ఆయన ఇరవై ఏళ్లుగా అంటున్నాడని తరవాత తెలిసింది. విడిగా కొనడం ఆయన దృష్టిలో మానేయడానికి తొలి మెట్టు. ఆ మెట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పైగా రోజుకి ఒకటే, మహా అయితే రెండు. ఒక్కదానికేమవుతుందండీ?

ఒక్కదానికి ఏమవుతుందో 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్క వేశారు. 141 అధ్యయనాలు కలిపి చూస్తే, రోజుకి ఇరవై తాగేవాడికి గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఎంత పెరుగుతుందో, ఒక్కటి తాగేవాడికి అందులో దాదాపు సగం పెరుగుతోంది. ఇరవైలో ఒకటి కాబట్టి ముప్పు కూడా ఇరవయ్యో వంతే ఉండాలి కదా అని మనవాడి న్యాయమైన ఆశ. గుండెకు ఎక్కాలు రావు. మొదటి సిగరెట్‌కే రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, ఆక్సిజన్ కూర్చోవలసిన చోట కార్బన్ మోనాక్సైడ్ వచ్చి కూర్చుంటుంది. ఆ తరవాతి పంతొమ్మిదీ మిగతా సగం నష్టాన్ని పంచుకుంటాయి. ఆ లెక్కన గిట్టుబాటు అయ్యేది పెట్టె తాగేవాడికే, నష్టపోయేది పొదుపు చేసేవాడు. ఈ సంగతి బయటికి పొక్కితే మా ఆఫీసు పెద్దమనిషి రేపట్నుంచి పెట్టెలు కొంటాడేమోనని నా భయం.

సరుకు విషయంలో మాత్రం వంక పెట్టలేం. ఒక్క సిగరెట్ పొగలో ఏడు వేలకు పైగా రసాయనాలుంటాయి, అందులో కనీసం 70 క్యాన్సర్ తెచ్చేవి. బెంజీన్, ఫార్మాల్డిహైడ్, ఆర్సెనిక్, కాస్త రేడియోధార్మిక పొలోనియం కూడా. ఇరవై రూపాయలకు ఇన్ని రకాలు ఏ సూపర్ మార్కెట్లో ఇస్తారు?

ఇక టెన్షన్ సంగతి. సిగరెట్ తాగితే టెన్షన్ తగ్గుతుందన్నది ఆంధ్ర, తెలంగాణలు రెండూ ఏకాభిప్రాయానికి వచ్చిన అరుదైన విషయాల్లో ఒకటి. ఇందులో అబద్ధం లేదు కూడా. దమ్ము లాగిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. అక్కడ హాయి కలిగించే డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది, ప్రపంచం కాసేపు పద్ధతిగా కనిపిస్తుంది. రెండు గంటలు తిరిగేసరికి ఒంట్లో నికోటిన్ సగానికి పడిపోతుంది. ఈలోగా మెదడు కణాలు దాన్ని అందుకునే కొక్కేలను, అంటే గ్రాహకాలను, పెంచుకుని కూర్చుంటాయి. అవి ఊరుకోవు. మనిషికి చిరాకు, చేతులకు ఏం తోచకపోవడం, ఎదుటివాడు మామూలుగా మాట్లాడినా విసుక్కోవడం. మనవాడు దీనికి "మేనేజర్ టార్చర్" అని పేరు పెట్టుకుని కిందికి దిగుతాడు. వెలిగిస్తాడు. చిరాకు పోతుంది. చూశావా, సిగరెట్ వల్ల ఎంత హాయో!

బెజవాడ కాల్‌మనీ వ్యాపారం తెలిసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. వడ్డీ కట్టడానికి మళ్లీ అక్కడే అప్పు తెస్తారు, ఇచ్చినవాడు ఆపద్బాంధవుడిలా కనిపిస్తాడు. కాకపోతే కాల్‌మనీవాళ్ల మీద పోలీసు కేసులు పెట్టారు. మానేసినవాళ్లలో ఆందోళన, దిగులు పెరగలేదనీ, తగ్గాయనీ 2014లో అదే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంకో విశ్లేషణ వచ్చింది. దాన్ని మా ఆఫీసు పెద్దమనిషికి చూపించాను. అది చదివేసరికి టెన్షన్ వచ్చిందని కిందికి వెళ్లాడు.

అయినా ఇది వ్యసనమని ఎవరన్నారు? 1994 ఏప్రిల్లో అమెరికాలో ఏడు పెద్ద పొగాకు కంపెనీల అధిపతులు పార్లమెంటు కమిటీ ముందు కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కాదని తాము నమ్ముతున్నామని వరసగా చెప్పారు. ఆ కంపెనీల్లోనే ఒకదాని లాయరు 1963లో, మన వ్యాపారం నికోటిన్ అమ్మడం, అది వ్యసనం కలిగించే మందు అని లోపల్లోపల కాగితం రాసుకున్నాడు. అది ముప్పై ఏళ్లు బీరువాలో ఉంది. ఆ కంపెనీల్లో అవతలివాడు మానేయకుండా చూడటమే ఒక శాఖ పనైతే, ఆ శాఖకు కష్టపడాల్సిన అవసరమే రాలేదు. పని అంతా సిగరెట్టే చేసిపెట్టింది.

మన ప్రభుత్వాన్ని తప్పుపట్టేవాళ్లు 1975వ సంవత్సరాన్ని గుర్తు చేసుకోవాలి. ఆ ఒక్క ఏడాదిలో పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. ఒకటి, పెట్టె మీద ఆరోగ్యానికి హానికరమని రాయాలని. రెండోది, పొగాకు పరిశ్రమ అభివృద్ధికి ఒక బోర్డు కావాలని. ఆ బోర్డు ఆఫీసు మా గుంటూరుకే వచ్చింది. రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ అప్పటికే, 1947 నుంచీ, ఉండనే ఉంది. ఒంగోలు, కొండపి, టంగుటూరు, జంగారెడ్డిగూడెం వేలం కేంద్రాల్లో బేళ్లు వరసగా పేర్చి ఉంటాయి. ధర పడిపోయిన ఏడాది రైతు ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ కట్టెల బాకీ కూడా తీర్చలేక రోడ్డు మీద కూర్చుంటాడు. ఇక్కడ మాత్రం నాకు వెటకారం రాదు. ఆకు కోసే కూలీల చేతులకు పచ్చాకు తడి తగిలి, నికోటిన్ చర్మంలోంచి ఎక్కి, వాంతులతో పడిపోయేవాళ్లు ఉంటారు. వాళ్లు ఒక్క దమ్ము లాగకుండానే మూల్యం కడతారు.

జీవిత బీమా సంస్థ తెలివికి అయితే చేతులెత్తి మొక్కాలి. ఎల్ఐసీకి సిగరెట్ల కంపెనీ ఐటీసీలో దాదాపు 15 శాతం వాటా ఉంది. అదే ఎల్ఐసీ టర్మ్ పాలసీ అమ్మేటప్పుడు, మీరు సిగరెట్ తాగుతారా అని అడుగుతుంది. తాగుతానంటే ప్రీమియం ఎక్కువ, తొందరగా పోతావు కనుక. మీరు తాగిన సిగరెట్‌కు డివిడెండూ దానికే వస్తుంది. మీరు బతికినా, పోయినా, మధ్యలో దగ్గుతున్నా సంస్థ చల్లగా ఉంటుంది. 2019లో కేంద్రం యువత ఆరోగ్యం మీద ప్రేమతో ఈ-సిగరెట్లను పూర్తిగా నిషేధించింది. మామూలు సిగరెట్‌ను ఏమీ అనలేదు. పాత చుట్టరికాలు అంత తేలిగ్గా తెంచుకోలేం.

చుట్టకైతే పెట్టే లేదు, బొమ్మా లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో కొందరు ఆడవాళ్లు నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. అడ్డపొగ అంటారు. అంగిలి మీద పుట్టే క్యాన్సర్ ఆ ప్రాంతం డాక్టర్లకు దశాబ్దాలుగా పరిచయం. ఆ చుట్ట మీద 85 శాతం ఎక్కడ అచ్చు వేస్తారో ఢిల్లీవాళ్లే చెప్పాలి.

పరిష్కారం లేకపోలేదు. మహారాష్ట్ర 2020లో విడి సిగరెట్ల అమ్మకాన్నే నిషేధించింది. కెనడా ఇంకా ముందుకెళ్లి, 2023లో తెచ్చిన రూల్సుతో ప్రతి సిగరెట్ కాగితం మీదా విడిగా హెచ్చరిక అచ్చు వేయిస్తోంది. లోకంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. మన దగ్గర అలా వేస్తే నాకు ఒక్కటే అనుమానం: తెలుగులో వేయాలా, హిందీలో వేయాలా అన్న వివాదం తేలేలోపు సిగరెట్ కాలిపోతుంది. నా ప్రతిపాదన చవకైనది. బాబాయి కొట్లో ఫోన్‌పే డబ్బా ఉంది కదా. "ఇరవై రూపాయలు అందాయి" అన్నాక అదే గొంతుతో, అదే సౌండుతో, "గుండెపోటు ముప్పు పెరిగింది, ధన్యవాదాలు" అనిపిస్తే సరి. వీధంతా వింటుంది. మేడ మీద నుంచి అత్తగారు కూడా వింటారు. మన దేశంలో క్యాన్సర్ బొమ్మ చేయలేని పని అత్తగారి చూపు చేస్తుంది.

ఇదంతా కొట్టు దగ్గర మా ఆఫీసు పెద్దమనిషికి చెబితే, ఆయన ఓపిగ్గా విని, ఆఖరి అస్త్రం తీశాడు. "మా తాతయ్య రోజూ చుట్ట కాల్చేవాడు, తొంభై ఏళ్లు బతికాడు."

నేనూ ఒక తాతయ్యని రంగంలోకి దించాను. రిచర్డ్ డాల్ అనే ఇంగ్లీషు డాక్టరు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎందుకు పెరుగుతోందో చూద్దామని బయల్దేరినప్పుడు ఆయన రోడ్లకు వేసే తారును అనుమానించాడు. లెక్కలు సిగరెట్‌ను చూపించేసరికి, 1950లో వ్యాసం అచ్చు కాకముందే తన సిగరెట్ మానేశాడు. 1951 నుంచి బ్రిటిష్ డాక్టర్లను యాభై ఏళ్లు వెంటాడి చూస్తే, తాగేవాళ్లు తాగనివాళ్లకంటే సగటున పదేళ్లు ముందే పోయారు. ముప్పైలో మానేసినవాళ్లకు ఆ పదేళ్లూ దాదాపు తిరిగొచ్చాయి, అరవైలో మానేసినా మూడేళ్లు దక్కాయి. డాల్ మటుకు 92 ఏళ్లు బతికాడు.

"అదే కదా నేను చెప్పేది, రాసిపెట్టి ఉంటే ఎవరైనా బతుకుతారు" అన్నాడాయన, సిగరెట్ పీకని గోడకేసి నలుపుతూ.

"మీ తాతయ్యకి తమ్ముడు ఉండేవాడన్నారు. ఆయనా కాల్చేవాడా?"

"చిన్నతాతా? ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని కాల్చేవాళ్లట. నేను చూడలేదు గురూ, నేను పుట్టకముందే పోయాడు."