పడవకు రోడ్డు గండం

ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అని పెద్దలు సెలవిచ్చారు గాని, ఓడను బండి ఎక్కించే ముందు డీజిల్ ట్యాంకును ఎంత మేరకు ఖాళీ చేయాలో, తెరచాప కొయ్యను ఏ గుడ్డలో చుట్టాలో చెప్పకుండానే వెళ్లిపోయారు. ఆ లోటు పూడ్చే బృహత్కార్యాన్ని వేరెవరూ తలకెత్తుకోనందున నేనే పూనుకుంటున్నాను. తెరచాప పడవల యజమానులు జలగండాల గురించి చదువుకున్నదాంట్లో పదో వంతైనా రోడ్డు గండం గురించి చదువుకోరన్నది నా అభియోగం.

ముందుగా చిన్న లెక్క. 9 మీటర్ల పడవ ఎంత మంచి గాలి దొరికినా గంటకు 13 కిలోమీటర్లు దాటడం అరుదు. నీటిని తాకి ఉండే పొడవే దాని వేగానికి హద్దు గీస్తుంది. గాలి గంటకు 40 కిలోమీటర్లకు చేరగానే యజమాని ఆకాశం వంక గంభీరంగా చూసి, "ఈ రోజుకు వద్దులే" అని తాడు తిరిగి కట్టేస్తాడు. అదే పడవను లారీ ఎక్కించి గంటకు 90 కిలోమీటర్ల వేగంతో తీసుకుపోతే, ఆకు కూడా కదలని రోజున సైతం దాని ముఖాన కొట్టే గాలి, గాలి బలాన్ని చెప్పే బ్యూఫోర్ట్ కొలమానంలో 10వ స్థాయికి చేరుతుంది. సముద్రం మీదైతే దానిని తుఫాను అంటారు. పైగా ఈ తుఫాను గురించి ఏ వాతావరణ శాఖా హెచ్చరించదు, డ్రైవరుకు ఆకలి వేస్తే తప్ప అది తగ్గుముఖం పట్టదు.

కనుక యజమాని తొలి కర్తవ్యం పడవను పడవ కాకుండా చేయడం. తెరచాపలు, వాటి అడుగంచును పట్టి ఉంచే బూమ్ అనే అడ్డకొయ్య, ఎండకు కట్టిన గుడ్డ పైకప్పు, చివరకు క్రేన్ సాయంతో తెరచాప కొయ్య, అన్నీ దిగిపోవాలి. గాలి ఎటు వీస్తోందో చెప్పడమే వృత్తిగా గల సూచికను గాలికి భయపడి అందరికంటే ముందు విప్పి దాచాలి. కొయ్యను నిలబెట్టే ఉక్కు తాళ్లకు పేర్లు రాసి కట్టాలి, వాటిని బిగించే టర్న్‌బకిళ్లు విప్పకముందే మర ఎక్కడిదాకా బిగిసి ఉందో గుర్తు పెట్టాలి. "నాకు గుర్తుంటుంది" అనే ధీరులు, నెల తర్వాత చేతిలో అచ్చం ఒకేలా ఉన్న రెండు తాళ్లు పట్టుకుని నిలబడినప్పుడు కలిగే వైరాగ్యం ఏ ప్రవచనం విన్నా కలగదు. కొయ్యకు పాత తివాచీ చుట్టడం ఉత్తమం; నేరుగా దాని ఒంటికే జిగురు టేపు అంటించినవారు ఆ టేపుతో జీవితకాల బంధాన్ని కోరుకున్నారని భావించాలి.

ఇక పడవ మీది ప్రేమతో దానికి టార్పాలిన్ కప్పేవారి సంగతి. వదులుగా ఉన్న ఏ గుడ్డయినా ఆ వేగంలో గంటల తరబడి కొట్టుకుని, రంగును గరుకు కాగితంలా గీరి పెడుతుంది. ప్రేమ ఉంటే హాచ్‌లు, అంటే పడవ పైభాగపు తలుపులు, బిగించి, వాటి అంచులకు బయటినుంచి టేపు వేయండి, ఎందుకంటే రోడ్డు మీద వాన పైనుంచి కాక ఎదురుగా వస్తుంది.

ఎత్తు విషయంలో యజమాని బ్రోషరును నమ్ముతాడు, వంతెన నమ్మదు. కీల్, అంటే పడవ అడుగున ఉండే వెన్ను, దాని అడుగు నుంచి విప్పడానికి వీల్లేని అత్యున్నత భాగం వరకు టేపు పట్టి కొలిచి, దానికి ట్రైలర్ ఎత్తు కలపాలి. యూరప్‌లోని చాలా దేశాల్లో మొత్తం హద్దు 4 మీటర్లే. వెడల్పు హద్దు అక్కడ 2.55 మీటర్లు, అమెరికాలో సుమారు 2.6 మీటర్లు, మన పడవ నడుము సాధారణంగా అంతకు మించినదే కనుక ప్రత్యేక అనుమతి పత్రాలు తప్పవు.

అన్నిటికంటే ప్రమాదకరమైన ఆలోచన "ఎలాగూ వెళుతోంది కదా" అనేది. ఈ ఒక్క వాక్యంతో సైకిళ్లు, పాత పరుపులు, పుస్తకాల పెట్టెలు, ఒక పనిముట్ల పెట్టె క్యాబిన్‌లోకి చేరతాయి. మొదటి బ్రేకుకే ఆ పనిముట్ల పెట్టె ఫిరంగి గుండుగా పదోన్నతి పొందుతుంది. మరొకవైపు, నీళ్ల ట్యాంకు నింపి పంపే మహానుభావులున్నారు. 200 లీటర్లంటే 200 కిలోలు, అంటే ఇన్నాళ్లూ తనను మోసిన నీటిని ఇప్పుడు పడవ మోస్తుంది, కిరాయి మనం చెల్లిస్తాం. డీజిల్ పావు ట్యాంకుకు మించకూడదు, బ్యాటరీ తీగలు విప్పాలి. బరువంతా కీల్ మీదే నిలవాలి. ట్రైలర్ మీద పక్కనున్న ప్యాడ్‌లు పడవ ఒరగకుండా పట్టుకోవడానికి మాత్రమే. వాటిని భక్తికొద్దీ బిగించిన చోట పడవ పొట్ట లోపలికి పోతుంది.

ఇవన్నీ పాటించిన యజమాని పడవ, పది గంటల పాటు తుఫానును ఎదిరించి, గీత కూడా పడకుండా కొత్త రేవు చేరుతుంది. క్రేన్ దానిని నీటిలో దించుతుంది, కొయ్య నిలబడుతుంది, తాళ్లు తమ తమ గుర్తుల దగ్గర బిగుసుకుంటాయి, గాలి సూచిక తన స్థానానికి తిరిగి వచ్చి గంటకు 40 కిలోమీటర్లని తెలియజేస్తుంది. యజమాని ఆకాశం వంక గంభీరంగా చూసి, "ఈ రోజుకు వద్దులే" అంటాడు.