అడగకుండా లోపలికి పిలిచే డ్రైవరు గారికి

మహారాజశ్రీ వైర్‌లెస్ డ్రైవరు గారికి,

బెంగళూరు మారతహళ్ళిలోని ఒక పీజీ హాస్టలు మూడో అంతస్తు నుంచి, వైఫై చిప్పును నడిపే సాఫ్ట్‌వేరుగా తాము కొలువున్న ల్యాప్‌టాప్ యజమాని నమస్కరించి వ్రాయునది.

ఈ ఊళ్ళో డ్రైవర్లకు కొంత పట్టింపు ఉంటుంది. యాప్‌లో పిలిచిన ఆటో ఓటీపీ చెప్పనిదే కదలదు. మా వాచ్‌మన్ అయితే, నెల్లూరు నుంచి ఆవకాయ జాడీ మోసుకొచ్చిన మా బావగారిని కూడా రిజిస్టరులో సంతకం చేయించుకున్నాకే లిఫ్టు ఎక్కనిచ్చాడు. ‘వచ్చిన పని’ అన్న గడిలో ఆయన ‘పచ్చడి’ అని రాశారు. తమరికి అటువంటి గడి ఏదీ ఉన్నట్టు లేదు. నేను ఇరవై అక్షరాల పాస్‌వర్డు పెట్టుకుని మురిసిపోతుంటే, దానితో నిమిత్తం లేకుండా గాలిలో ఎవరో విసిరిన సమాచారపు ప్యాకెట్టును తమరు విప్పి చదువుతూ ఉంటారు. అదీ కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో కూర్చుని. ధ్వజస్తంభం దగ్గర జరగవలసిన సోదా గర్భగుడిలో జరుగుతోందన్నమాట.

తమ జ్ఞాతి ఒకరి కథ మనవి చేస్తాను. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో రియల్‌టెక్ కంపెనీ వైఫై చిప్పులను నడిపే ఆర్‌టీఎల్‌వైఫై డ్రైవరు గారికి, వైఫై డైరెక్ట్ (రౌటరు లేకుండా నేరుగా మాట్లాడుకునే) పరికరాలు తాము ఎప్పుడెప్పుడు అందుబాటులో ఉండవో తెలిపే సెలవు చీటీలు వస్తుంటాయి. ఒక్కో పద్దు 13 బైట్లు. ఆయన దగ్గర చోటు 2 పద్దులకే. చీటీ పొడవులోంచి 2 తీసేసి, మిగిలినదాన్ని 13తో భాగించి, పద్దులెన్నో ఆయన చక్కగా తేల్చారు. ఆ వచ్చిన అంకె 2 కంటే పెద్దదా అని చూడటమే మరిచారు. భాగహారం వచ్చినవారికి ఒకటో తరగతి ‘ఏది పెద్దది’ లెక్క రాకపోవడం విడ్డూరమే గాని, ఎక్కువైన పద్దులు పొంగి పక్క మెమరీ మీద పడేవి. ఏళ్ళ తరబడి సాగిన ఈ ముచ్చట 2019 అక్టోబరులో బయటపడింది. సవరణ అంతా కలిపి, 2 దాటితే 2 గానే లెక్కపెట్టమనడం.

విండోస్ వైపు బంధువులు తక్కువ తినలేదు. 2024 జూన్ 11న సవరించిన వైఫై డ్రైవరు లోపం ఒకటుంది; భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2024-30078, తీవ్రత 10కి 8.8. దాడి చేసేవాడు వైఫై అందేంత దగ్గరలో ఉంటే చాలు, యజమాని దేన్నీ నొక్కనక్కరలేదు. కిటికీలోంచి చెయ్యి చాపితే పక్క పీజీ బట్టల తీగ తగిలే ఈ సందులో ‘దగ్గర’ అంటే ఎంతమందో తమరే చెప్పాలి. నిన్న రాత్రి నా తెర మీద 31 వైఫై పేర్లు లెక్కపెట్టాను.

తప్పంతా తమదే అననులెండి. తమ కొత్త సవరణ వచ్చి పన్నెండు రోజులైంది. రోజూ పొద్దున్నే మీటింగు తొందరలో ‘తర్వాత గుర్తుచేయి’ నొక్కినది ఈ చెయ్యే. ఉత్తరం ముగించి రీస్టార్టు చేస్తున్నాను. అది పూర్తయ్యేదాకా ఎవరు తలుపు తట్టినా మా వాచ్‌మన్‌ను తలుచుకోండి.

ఇట్లు,
తమ యజమాని (అనుకుంటున్నవాడు)