ఉమ్మడి బాటకు కొత్త నియమం

రహదారులు, ఉమ్మడి బాటల నిబంధనలను తిరగరాసే పనికి స్థానిక కౌన్సిళ్లు పూనుకోవడం ఆహ్వానించదగిన పరిణామం. నడిచేవారూ సైకిళ్లవారూ కలిసి వాడుకునే బాటలకు ఇప్పుడున్న నియమాల్లో చాలావరకు, సైకిలంటే కాళ్లతో తొక్కేదేనన్న కాలంలో రాసుకున్నవి. ఇవాళ ఆ బాటపైకి ఎలక్ట్రిక్ సైకిళ్లు, నిలబడి నడిపే ఈ-స్కూటర్లు, సరకులు మోసే బరువైన బళ్లు, వృద్ధుల మోటారు కుర్చీలు వచ్చి చేరాయి. పాత నియమాలు వీటిలో కొన్నింటిని అసలు గుర్తించవు, కొన్నింటిని పూర్తిగా వెళ్లగొడతాయి.

బండి పేరును బట్టి నియమం రాసే పద్ధతి ఇక చెల్లదు. పేర్లు మారుతూనే ఉంటాయి. హాని చేసేది వేగమూ బరువూ. మనిషి నడక గంటకు సుమారు 5 కిలోమీటర్లు. ఐరోపా సమాఖ్యలో సైకిల్‌గా పరిగణించే ఎలక్ట్రిక్ బండికి మోటారు సాయం గంటకు 25 కిలోమీటర్ల వేగం వద్ద ఆగిపోవాలి, సామర్థ్యం 250 వాట్లు దాటకూడదు. ఆ హద్దులోని బండి కూడా పాదచారికి అయిదు రెట్ల వేగంతో దూసుకురాగలదు. వేగం రెట్టింపయితే తాకిడి శక్తి నాలుగింతలవుతుంది. అందుకే ఇరుకైన చోట, మలుపుల్లో, బడుల ముందు ఎంత వేగానికి అనుమతో అంకెల్లో రాయాలి. ‘జాగ్రత్తగా నడపవలెను’ అని రాసి ఊరుకుంటే, పాటించాల్సిన పౌరుడికీ అమలు చేయాల్సిన ఉద్యోగికీ ఏమీ తేలదు.

బ్రిటన్ 2022 జనవరిలో తన రోడ్డు నియమావళి అయిన హైవే కోడ్‌ను సవరించి, ఎక్కువ హాని చేయగలవారిదే ఎక్కువ బాధ్యత అని స్పష్టం చేసింది. పాదచారుల పక్కనుంచి, ముఖ్యంగా వెనకనుంచి, మరీ దగ్గరగా గానీ వేగంగా గానీ వెళ్లవద్దని సైకిలిస్టులకు చెప్పింది. ఎదుటివారికి చూపో వినికిడో లేకపోవచ్చని గుర్తుచేసింది. ఈ చివరి మాట ప్రతి కౌన్సిల్ ముసాయిదాలోనూ ఉండాలి. చప్పుడు లేకుండా వచ్చే బండి చూపులేని మనిషికి మీద పడేదాకా తెలియదు. బాట మధ్యన గీసిన తెల్లగీత చేతికర్రకు తగలదు. తగలాలంటే అంచు ఎత్తుగానైనా ఉండాలి, గరుకు పలకలైనా పరవాలి. 1967లో జపాన్‌లోని ఒకయామాలో తొలిసారి అలాంటి పలకలు పరిచారు. ఇన్నేళ్లయినా వాటిని అదనపు హంగుగా చూడటం మాకు బాధ కలిగిస్తోంది.

అసలు చిక్కు బాట మీద కాదు, దాని పక్కనున్న రోడ్డు మీద ఉంది. కార్లూ లారీల మధ్య ప్రాణభయంతో తొక్కలేకే సైకిలిస్టు కాలిబాట ఎక్కుతాడు. అతనికి జరిమానా వేసి, రోడ్డును అలాగే వదిలేస్తే భయం పోదు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం 1992లోనే ప్రధాన మార్గాలు మినహా మిగతా వీధుల్లో వేగాన్ని గంటకు 30 కిలోమీటర్లకు కట్టడి చేసింది. రోడ్డు నెమ్మదించిన చోట బాట మీద ఒత్తిడి తగ్గుతుంది. అందుకే ఈ రెండింటి నియమాలనూ వేరువేరు విభాగాలు వేరువేరుగా రాయకూడదు.

ఆలస్యం చేస్తే విసుగే నిర్ణయం తీసుకుంటుంది. అద్దె ఈ-స్కూటర్లపై పారిస్ 2023 ఏప్రిల్‌లో ఓటింగ్ పెడితే, వచ్చినవారిలో దాదాపు 90 శాతం వద్దన్నారు, ఆ ఏడాదే అవి వీధుల్లోంచి పోయాయి. అయితే మొత్తం ఓటర్లలో ఓటేసినవారు ఎనిమిది శాతం కూడా లేరు. అభ్యంతరాలకు గడువు పెట్టి, కార్యాలయంలో నోటీసు అంటించి చేతులు దులుపుకొనే కౌన్సిళ్లు ఇది గమనించాలి. పిల్లలు, వృద్ధులు, చక్రాల కుర్చీలో తిరిగేవారు ఆ నోటీసు దగ్గరికి రారు. అధికారులే బాటల మీదికి వెళ్లి వారి మాట నమోదు చేయాలి. పక్క రోడ్డు వేగపరిమితిని చేర్చకుండా వచ్చే ముసాయిదాను సభ్యులు వెనక్కి పంపాలని కోరుతున్నాం.