ఐపీ ఇచ్చి ‘యాక్సెప్ట్’ కొడితే డీఆర్ సిద్ధమైనట్టేనా? చెలామణిలో ఉన్న ఒక సలహాకు ఖండన

డిజాస్టర్ రికవరీ (డీఆర్) అంటే అసలు (ప్రైమరీ) సైట్ పడిపోతే రెండో సైట్ నుంచి పని కొనసాగించే ఏర్పాటు. ఆ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేవాళ్ల మధ్య ఒక సలహా చాలాకాలంగా తిరుగుతోంది. “సర్వర్ పేరు అడిగిన చోట ఐపీ అడ్రస్ ఇచ్చేయండి. పేరే కావాలని మొండికేస్తే హోస్ట్స్ ఫైల్లో (కంప్యూటర్ తన దగ్గరే పేర్లకు అడ్రస్‌లు రాసుకునే ఫైలు) ఒక లైను రాయండి. సర్టిఫికెట్ వార్నింగ్ వస్తే యాక్సెప్ట్ కొట్టండి, అంతా లోపలి నెట్‌వర్కే కదా. మిగతాది తర్వాత తీరిగ్గా సరిచేసుకోవచ్చు” అని దాని సారాంశం. ఇలా చేస్తే ఇన్‌స్టాలేషన్ పూర్తవుతుంది, అందుకే నమ్ముతున్నారు. కానీ ఈ సాఫ్ట్‌వేర్‌కు అసలు పరీక్ష ప్రైమరీ సైట్ పడిపోయిన రోజున. పై సలహాలో ఒక్కో ముక్కా సరిగ్గా ఆ రోజే చేతులెత్తేస్తుంది.

ముందు “ఐపీ ఇస్తే డీఎన్‌ఎస్ తలనొప్పి ఉండదు” అన్న మాట. డీఎన్‌ఎస్ అంటే పేరు అడిగితే అడ్రస్ చెప్పే వ్యవస్థ; సర్టిఫికెట్ అంటే సర్వర్ తానెవరో చూపే డిజిటల్ గుర్తింపు పత్రం. క్లయింట్ తాను ఏ పేరుతో పిలిచిందో, సర్టిఫికెట్లో ‘సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్’ కింద ఆ పేరు ఉందో లేదో చూస్తుంది. ఐపీతో పిలిస్తే ఆ ఐపీ అక్కడ ఐపీ రకం ఎంట్రీగానే ఉండాలి. పాత గైడ్లు చూసి ‘కామన్ నేమ్’లో మాత్రమే పేరు రాసి, అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా అని తలపట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కామన్ నేమ్ కంటే ఆల్టర్నేటివ్ నేమే ప్రమాణమని 2000లో వచ్చిన ఇంటర్నెట్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2818 అప్పుడే చెప్పింది. 2017లో క్రోమ్ 58 కామన్ నేమ్‌ను చూడటం మానేసింది. 2023 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9525 దాన్ని లెక్కలోంచి పూర్తిగా తీసేసింది.

డీఆర్ వైపు నుంచి చూస్తే నష్టం ఇంకా పెద్దది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇచ్చిన ఐపీయే ఆ సర్వర్‌కు గుర్తింపుగా పాతుకుపోతుంది. వర్చువల్ మెషిన్లను నిర్వహించే వీఎంవేర్ వీసెంటర్ అప్లయన్స్‌నే తీసుకోండి. సిస్టమ్ నేమ్‌గా ఐపీ ఇస్తే తర్వాత ఆ ఐపీని మార్చలేరని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. రెండో సైట్‌లో సబ్‌నెట్ (అడ్రస్‌ల శ్రేణి) వేరుగా ఉండటం మామూలే. ఫెయిలోవర్‌లో, అంటే పని రెండో సైట్‌కు మళ్లినప్పుడు, మారేది అడ్రస్, నిలవాల్సింది పేరు. మారే దాన్నే గుర్తింపుగా పెట్టుకోమంటోంది ఈ సలహా.

హోస్ట్స్ ఫైల్ సంగతి చిన్నదే. అందులో రాసిన లైను ఆ ఒక్క మెషిన్‌కే తెలుస్తుంది. రెండు సైట్ల మేనేజ్‌మెంట్ సర్వర్లు, రెండో సైట్‌కు డేటా కాపీ చేసే రెప్లికేషన్ అప్లయన్సులు, హోస్టులు, అడ్మిన్ వాడే కంప్యూటర్ అన్నీ ఒకే జవాబు పొందాలంటే డీఎన్‌ఎస్ కావాల్సిందే. పేరు నుంచి అడ్రస్‌కే కాక, అడ్రస్ నుంచి పేరుకు కూడా రికార్డు ఉండాలి. చాలా ఇన్‌స్టాలర్లు రెండూ చూస్తాయి.

పేర్లు పెట్టే తీరు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. హోస్ట్‌నేమ్‌లో అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే చెల్లుతాయి, అండర్‌స్కోర్ చెల్లదు. విండోస్‌లో నెట్‌బయాస్ అనే పాత పద్ధతి పేరు 15 అక్షరాల దగ్గర తెగిపోతుంది. ‘రికవరీ-మేనేజర్-ప్రైమరీ’, ‘రికవరీ-మేనేజర్-డీఆర్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో పెడితే మొదటి 15 రెండింటికీ ఒకటే. సైట్ కోడ్ పేరు మొదట్లో ఉంటే ఈ గొడవే రాదు. డీఎన్‌ఎస్‌కు పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే అయినా, వాటిని వేర్వేరుగా చూసే సాఫ్ట్‌వేర్ ఉంది కాబట్టి అన్నీ చిన్నక్షరాల్లో పెట్టడం మేలు.

“లోపలి నెట్‌వర్కే, యాక్సెప్ట్ కొట్టండి” అనడం వీటన్నిటిలోకీ ప్రమాదకరం. సెల్ఫ్-సైన్డ్ (సర్వర్ తనకు తానే ఇచ్చుకున్న) సర్టిఫికెట్ వాడటమే తప్పని నేననను. అవతలి సర్వర్ కన్సోల్లో థంబ్‌ప్రింట్ (సర్టిఫికెట్‌ను గుర్తించే అంకెలు, అక్షరాల వరుస) చూసి, వార్నింగ్‌లో కనిపించే దానితో పోల్చి ఒప్పుకుంటే అది సరైన పద్ధతే. చూడకుండా నొక్కితే అవతల ఉన్నదెవరో తెలియకుండానే, వర్చువల్ మెషిన్లను ఆపగల, డిస్కులను తిరగరాయగల అకౌంట్ పాస్‌వర్డ్ అప్పగించినట్టు. పైగా ఒప్పుకున్న థంబ్‌ప్రింట్ ఆ ఒక్క సర్టిఫికెట్‌దే. రెన్యువల్‌తో అది మారిందంటే రెండు సైట్లను జతచేసిన పెయిరింగ్ తెగిపోవచ్చు. ఆ సంగతి ఎవరూ గమనించకపోతే ఫెయిలోవర్ రోజునే బయటపడుతుంది.

పబ్లిక్ సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే సంస్థ) దగ్గర కొంటే పోదా అంటే, ‘డాట్ లోకల్’ లాంటి లోపలి పేర్లకు గడువు 2015 నవంబర్ 1 దాటే సర్టిఫికెట్లు ఇవ్వకూడదని సీఏలు, బ్రౌజర్ కంపెనీల ఉమ్మడి వేదిక సీఏ/బ్రౌజర్ ఫోరమ్ ఎప్పుడో నియమం పెట్టింది. పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు కూడా 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029లో 47 రోజులకు తగ్గేలా నిర్ణయమైంది. చేత్తో రెన్యువల్ చేసే రోజులు పోతున్నాయి.

సొంత సీఏ పెట్టుకున్నవాళ్లు కూడా ఇక్కడ ఆగి ఒక్కటి చూసుకోవాలి. రద్దయిన సర్టిఫికెట్ల జాబితా, అంటే సీఆర్‌ఎల్, ఏ సర్వర్ నుంచి వస్తోంది? అది ప్రైమరీ సైట్‌లోనే ఉంటే, ఆ సైట్ పడిపోయాక డీఆర్ సర్వర్ దాన్ని తెచ్చుకోలేదు. కఠినంగా తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ కనెక్షనే ఒప్పుకోదు. మెతకగా ఉండేది టైమౌట్ అయ్యేదాకా ఆగి ముందుకెళ్తుంది, ప్రతి స్టెప్పూ నత్తనడక అవుతుంది. సీఆర్‌ఎల్ కాపీ, డీఎన్‌ఎస్ సర్వర్, టైమ్ సర్వర్ డీఆర్ వైపు కూడా ఉండాలి. గడియారం వెనకబడితే ఇప్పుడే ఇచ్చిన సర్టిఫికెట్ ‘ఇంకా చెల్లదు’ అంటుంది. విండోస్ డొమైన్ లాగిన్లకు వాడే కెర్బరోస్ మామూలుగా 5 నిమిషాల తేడాకే లాగిన్ తిరస్కరిస్తుంది.

“తర్వాత సరిచేసుకోవచ్చు” అన్నది సగం నిజం. మార్చడం చాలాసార్లు సాధ్యమే. కానీ పేరు మారితే కొత్త సర్టిఫికెట్, మళ్లీ రిజిస్ట్రేషన్, మళ్లీ పెయిరింగ్ తప్పవు. ఒక్కోసారి రెప్లికేషన్‌నే మొదట్నుంచీ పెట్టాలి. అది నడిచినంతసేపూ మీకు రక్షణ లేదు. ముందు చేస్తే ఇదంతా చిన్న పని: రెండు సైట్ల నుంచీ అన్ని పేర్లకూ అడ్రస్‌లు, అడ్రస్‌లకు పేర్లు దొరుకుతున్నాయో చూడటం, టైమ్ కలపడం, పూర్తి పేరుతో సర్టిఫికెట్ తీసుకుని రూట్‌ను (సీఏ సొంత మూల సర్టిఫికెట్‌ను) రెండు వైపులా పెట్టడం. ఆ తర్వాతే ఇన్‌స్టాలర్ తెరవాలి.

ఇప్పటికే ఐపీతో నడుస్తున్నవాళ్లు తర్వాతి డ్రిల్లులో సైట్ల మధ్య లింకు తెంపి, డీఆర్ సైట్‌లోని కంప్యూటర్ నుంచి డీఆర్ కన్సోల్‌ను పేరుతో తెరిచి చూడండి. పేరు దొరకకపోయినా, వార్నింగ్ వచ్చినా, లాగిన్ ఆలస్యమైనా, సరిచేయాల్సింది పైవాటిలో ఏదో అక్కడే తెలుస్తుంది.