బావగారి రెండు వేల కనెక్షన్లు

భోగి ముందు రోజు సాయంత్రం, ఆత్రేయపురంలో, మా బాబాయి పూతరేకుల వెబ్‌సైట్ పడిపోయింది. 2023లో ఊరి పూతరేకులకి జీఐ ట్యాగ్, అంటే ఈ ఊరి సరుకేనన్న ప్రభుత్వ గుర్తింపు, వచ్చాక ఆర్డర్లు పెరిగాయి గానీ, సైటు మాత్రం ఎప్పుడో ఎవరో చౌకగా చేసిపెట్టిన పాతదే. ఆ ఎవరో ఇప్పుడు ఫోన్ ఎత్తడు. దాంతో పండక్కి వచ్చిన నన్ను కాళ్లు కడుక్కోనివ్వకుండా లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టారు.

ఎర్రర్ ఏమిటంటే, 'టూ మెనీ కనెక్షన్స్'. మైఎస్‌క్యూఎల్, అంటే సైటు వెనకాల ఆర్డర్లన్నీ దాచే డేటాబేస్, మామూలుగా ఒకేసారి 151 కనెక్షన్లు తీసుకుంటుంది. అవన్నీ నిండిపోయినా అడ్మిన్ లోపలికెళ్లి చూసుకోవడానికి ఇంకొకటి విడిగా అట్టేపెడుతుంది. "కంగారుపడకండి, నాకొకటి రిజర్వు చేసి ఉంటుంది" అని ఇంటిల్లిపాదికీ వినపడేలా చెప్పి లాగిన్ కొట్టాను. టూ మెనీ కనెక్షన్స్. ఆ చౌక మహానుభావుడు వెబ్‌సైట్‌కి వేరే యూజర్ పెట్టే ఓపిక లేక ఏకంగా అడ్మిన్ వాడాల్సిన రూట్ అకౌంటే ఇచ్చేశాడు. నాకోసం అట్టేపెట్టిన ఆ ఒక్కటీ ఎవరో కస్టమర్ పట్టుకుపోయాడు.

ఈలోగా బాబాయి తన వంతు సాయం చేశాడు. చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నిటిలో "సైటు ఓపెనవుతోందా? అందరూ ఒకసారి చూసి చెప్పండి" అని పెట్టాడు. ఇక చూసుకోండి. రావులపాలెం నుంచి డల్లాస్ దాకా బంధువర్గమంతా రిఫ్రెష్ మీద రిఫ్రెష్. అవలేదని ఒకరు, తిరుగుతోందని ఒకరు, "మాకు ఎప్పుడూ అవదు" అని కిందటేడాది పెళ్లికి పిలవలేదన్న కోపంతో ఇంకొకరు. "చూడ్డం ఆపమని చెప్పు బాబాయ్" అంటే, "చూడకపోతే బాగయిందని ఎలా తెలుస్తుందిరా?" అన్నాడు.

అప్పుడు వచ్చారు బావగారు. మా చెల్లెలి భర్త, కొత్త అల్లుడు, ఇదే మొదటి సంక్రాంతి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు. అందులో ఏం చేస్తారో అడిగే చనువు ఇంకా ఎవరికీ రాలేదు. చేతిలో సున్నుండ. స్క్రీన్ వైపు అర క్షణం చూసి, "మాక్స్ కనెక్షన్స్ రెండు వేలు పెట్టేయండి" అన్నారు.

"బావగారూ, ఇది 4 జీబీ సర్వరండి. ప్రతి కనెక్షన్‌కీ కొంత మెమరీ..."

అంతే, వంటింటి గుమ్మంలోంచి పిన్ని కళ్లు ఉరిమాయి. మా వైపు మొదటి పండక్కి వచ్చిన అల్లుడు పులుసులో ఉప్పు లేదంటే, లేదనే. ఉన్నా లేదనే. కాదన్నవాడికి ఆ పూట పులుసే ఉండదు. బాబాయి గొంతు సవరించుకుని, "అల్లుడుగారు చెబుతున్నారుగా, చెయ్యరా" అన్నాడు. ఆయ్, చేశానండి. రీస్టార్ట్ చేయగానే సైటు గుర్రంలా లేచింది. బాబాయి అల్లుడి భుజం తట్టాడు. పిన్ని ఇంకో సున్నుండ తెచ్చింది. నాకు మాత్రం మంచినీళ్లు.

ఆ రెండో సున్నుండ పూర్తయ్యేలోపు మెమరీ నిండిపోయింది. సర్వర్‌ని నడిపే లినక్స్‌లో అలాంటప్పుడు దిగే ఓఓఎమ్ (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ అనేవాడొకడున్నాడు, ఎక్కువ మెమరీ తింటున్నవాణ్ని చూసి చంపేస్తాడు. డేటాబేస్‌ని చంపేశాడు. "నువ్వేదో నొక్కావు" అన్నాడు బాబాయి.

మళ్లీ లేపి, నిండిపోకముందే లోపలికి దూరి, ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చెప్పే ప్రాసెస్ లిస్టు చూశాను. అన్నీ 'స్లీప్'. ఒక్కరూ పని చేయడం లేదు, ఒక్కరూ పోవడం లేదు. "అంటే భోంచేసి విస్తరి ముందు నుంచి లేవనివాళ్లన్నమాట" అంది పిన్ని. ఆ ఇంట్లో సంగతి అర్థమైంది ఆవిడొక్కదానికే. మైఎస్‌క్యూఎల్ అలాంటివాళ్లని తనంతట తాను లేపడానికి 28,800 సెకన్లు ఆగుతుంది, అంటే 8 గంటలు.

కోడ్ తీస్తే తెలిసింది. ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక కొత్త కనెక్షన్. కూపన్ తప్పయితే దాన్ని మూయకుండానే మధ్యలోంచి బయటికి. మరి ఇంతమంది తప్పు కూపన్ ఎందుకు కొడుతున్నారు? డేటాబేస్‌లో కూపన్ కోడ్‌లోని సంక్రాంతికి ఇంగ్లీషు 'హెచ్' ఉంది, వాట్సాప్‌లో తిరుగుతున్న ఆఫర్ పోస్టర్‌లో లేదు. "ఈ పోస్టర్ ఎవరు చేశారు?" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. బావగారు అరచేతికంటిన సున్నుండ పిండి దులుపుకున్నారు.

కనెక్షన్ మూయించాను, ఇరవై కనెక్షన్లనే అందరూ వంతులవారీగా వాడుకునేలా ఒక పూల్ పెట్టాను, సైటుకిచ్చిన రూట్ తీసేశాను. ఇప్పుడు సైటు నడుస్తోంది. పొద్దున ముగ్గు చూడ్డానికి వచ్చిన పక్కింటివాళ్లతో బాబాయి, "రాత్రి మా అల్లుడు లేకపోతే మునిగిపోయేవాళ్లం" అంటున్నాడు.

ఇది రాస్తుండగానే పిలిచాడు. కనుమ ఆఫర్ పోస్టర్ కూడా అల్లుడుగారే చేస్తున్నారట.